ఉగాది సాహిత్య వేదిక ఏర్పాట్లు: ఈసారి ఒక్కొక్కరం ఒక్క పేజీ

సాహిత్య విభాగం

అందరికీ నమస్కారం. మన మెల్‌బోర్న్ ఉగాదికి టార్నీట్ వైపు కౌన్సిల్ హాలు ఖాయమైంది. భోజనాలయ్యాక 2 గంటల నుంచి 3:30 దాకా సాహిత్యానికి ఇచ్చారు. ఆ గంటన్నరలో ఏం చేద్దామో ఇక్కడే తేల్చుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈసారి ఉపన్యాసాలు వద్దు, శాలువాలు వద్దు. 8 మంది పాఠకులు, తలా 10 నిమిషాలు. మనసులో దిగబడిపోయిన నవల్లోంచో కథలోంచో ఒక్క పేజీ పైకి చదవాలి. ఆ పేజీ దగ్గర తమకేమైందో చెప్పాలి. అంతే. రచయిత ఎప్పుడు పుట్టారు, ఎన్ని పుస్తకాలు రాశారు అన్నవి కావాలంటే ఫోన్లో దొరుకుతాయి. మన పక్కింటి మనిషి ఒక పుస్తకాన్ని ఎలా చదువుకున్నాడన్నది అక్కడ దొరకదు.

పోయినేడు పడ్డ బాధ వల్లే ఇదంతా అడుగుతున్నాను. 40 నిమిషాలు అనుకున్న కార్యక్రమం డాన్సులు ఆలస్యమై 12 నిమిషాలకి వచ్చింది. అందులో 9 అతిథి పరిచయానికే సరిపోయాయి. వెనక వరుసలో ఒక పెద్దాయన గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సంచీలో క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన పాత పుస్తకం, మధ్యలో గుర్తుకి మడిచిపెట్టిన బస్సు టికెట్టు. ఎవరైనా చదవమంటారేమోనని తెచ్చుకున్నారట. ఎవరమూ అడగలేదు. సభ అయ్యాక సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆయన ఎవరి నాన్నగారో తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ముందు పిలవాల్సింది ఆయన్నే.

హాలు, మైకు చూసేవాళ్ళు

అక్కా, 8 మందికి 80 నిమిషాలు పోతే మిగిలేది 10. వేదిక ఎక్కడం దిగడానికే అది చాలదు. ఎనిమిది మందినీ పక్కనే వరసగా కుర్చీల్లో కూర్చోబెడదాం, ఎవరి వంతు వస్తే వాళ్ళు లేచి చదువుతారు. ఇంకోటి, ఆ వేదిక దీపాలు చూసేవాళ్ళ కళ్ళకి కొడతాయి గానీ చదివేవాళ్ళ కాగితం మీద పడవు. పెద్దవాళ్ళకి అక్షరం కనపడదు. మా ఇంట్లో మెడ వంచే టేబుల్ ల్యాంపు ఉంది, తెస్తాను. కాఫీలు 3:30 దాకా మొదలెట్టొద్దని వంటల జట్టుకి మీరే చెప్పాలి, నేను చెబితే వినరు.

సాహిత్య విభాగం

ల్యాంపు సంగతి నాకు తట్టనేలేదు తమ్ముడూ, తప్పకుండా తీసుకురా. వంటల జట్టుకి నేను చెబుతాను.

ఎలా ఉండాలో చూపించడానికి నాది నేను ముందు పెడుతున్నాను. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. 1946-47లో నవోదయ పత్రికలో ధారావాహికగా వచ్చింది. మొదట ‘ఏకాంతం’ అని పేరు పెట్టుకున్నారట. గుంటూరులో హాస్టల్లో ఉన్నప్పుడు నాకు 20 ఏళ్ళు. అప్పుడు చదివింది కోమలి కోసం, అమృతం కోసం. వాళ్ళు వచ్చే పేజీల కోసం మిగతావి తిప్పేసేదాన్ని. మళ్ళీ 46వ ఏట, మా అమ్మ పోయిన ఏడాది, చదివాను. అప్పుడు కనపడింది ఇంకో పుస్తకం. కథానాయకుడు దయానిధి తల్లి నడవడి గురించి ఊరు ఒక మాట అంటుంది. ఆ తల్లి కథలో కనిపించేది దాదాపు లేదు. ఆమె గురించి ఆ మాటే ఉంటుంది. కొడుకు డాక్టరవుతాడు, ఊరు మారుస్తాడు, రాయలసీమ దాకా పోతాడు, వజ్రం దొరుకుతుంది. ఎక్కడికి పోయినా ఆ మాట వెంట వస్తుంది. సముద్రాలు దాటొచ్చి కూడా మా ఊళ్ళో మా ఇంటి గురించి ఎవరేమనుకుంటున్నారో అని ఫోన్లో చెల్లెల్ని అడిగే మనిషిని నేను. దయానిధిని చూసి జాలి పడే హక్కు నాకు లేదనిపించింది.

మెచ్చుకోలు ఒక్కటే చెబితే అది పాఠకుడి మాట కాదు కాబట్టి రెండోదీ చెబుతాను. ఆ నవల్లో ఆడవాళ్ళు చాలాచోట్ల దయానిధి ఆలోచనలకి ఆసరాగా నిలబడ్డట్టుంటారు. ముఖ్యంగా పెళ్ళాడిన ఇందిరకి న్యాయం జరగలేదు. మంచం పట్టిన ఆ పిల్ల ఏమనుకుందో తెలుసుకోవాలని నాకు రెండోసారి చదివినప్పుడు చాలా అనిపించింది. నేను చదివే పేజీ ఇందిరదే.

స్టేజీ సాయం, విద్యార్థుల జట్టు

అక్కా, నా పేరు రాస్కో. నేను ‘జిగిరి’ సదువుత. పెద్దింటి అశోక్‌కుమార్ రాసిండు, మా సిరిసిల్ల దిక్కు మాటల్నే. ఎలుగుబంటిని ఆడిచ్చుకుంట బతికే ఇల్లు అది. ఎలుగును వదిలించుకుంటె సర్కారు భూమి ఇస్తదంటరు. తండ్రికి ఎలుగంటె కడుపున పుట్టిన బిడ్డ లెక్క. కొడుకుకు భూమి కావాలె. మొదటిసారి సదివినప్పుడు ఆ కొడుకు మీద మస్తు కోపమొచ్చింది. ఇక్కడికొచ్చినంక మల్ల సదివిన. మా నాయిన ఎకరంనర అమ్మి నన్ను పంపిండు. ఇల్లు నిలబడాలంటె ఏదో ఒకటి ఇడిసిపెట్టాలె అనే మాట ఆ పోరనిది కాదక్కా, నాది. ఏ పేజీ సదవాల్నో ఇంక తేల్చుకోలే. గని నేను మా బాసల్నే సదువుత, సక్కగ చేసి సదవమంటె నాతోని కాదు.

సాహిత్య విభాగం

నీ భాషలోనే చదువు నాయనా. దాన్ని మార్చి చదివితే ఆ పుస్తకం అక్కడే ఆగిపోతుంది.

కోశాధికారి సాయం

వదినా, ‘శప్తభూమి’ నాకు పెట్టండి. బండి నారాయణస్వామి గారిది. మాది అనంతపురం. 18వ శతాబ్దంలో హండే రాజులు మా ఊరేలినప్పటి కథ. చరిత్ర నవలంటే రాజూ రాణీ అనుకునేవాణ్ణి. ఇందులో గొర్రెలు కాసేవాళ్ళు, కూలికిపోయేవాళ్ళు, కరువుకి చితికిపోయిన ఇండ్లు ముందుకొచ్చి నిలబడతాయి. మా అవ్వ కరువు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేది, పిల్లోళ్ళు వినగూడదన్నట్టు. ఆ గొంతు ఈ పుస్తకంలో వినబడింది నాకు. పేర్లు ఎక్కువ, మొదట్లో కొంచెం ఓపిక పట్టాల, అది మాత్రం నిజం.

సాహిత్య విభాగం

ఇది మనవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం కూడా. 2017లో అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది ఈ నవలకే, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దేశం దాటొచ్చిన తెలుగువాళ్ళ సంఘం డాన్సులకీ భోజనాలకీ తోడు ఒక మంచి నవల బయటికి రావడానికి దారి వెయ్యగలదు. మన కార్యవర్గంలో ఎవరైనా సాహిత్యానికి గంటన్నర ఎందుకని అడిగితే ఈ మాట చెప్పండి.

ప్రథమ చికిత్స బల్ల

నేను ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేస్తానండి. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తెల్లవారుజామున విరామంలో చదివాను. పేరు లేని ముసలాయన, ఈనిన పంది, దాని పిల్లలు, రాత్రి, అడవి. అంతకు మించి ఏమీ లేదు, పుస్తకం మాత్రం కిందపెట్టలేకపోయాను. తెల్లారేదాకా ఒక ప్రాణాన్ని కాపలా కాయడం అంటే ఏమిటో రాసినాయనకి తెలుసు. ఆయనా డాక్టరే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేశారు. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది, మార్చుకుని వస్తాను.

తెలుగు బడి

పిల్లలకి కూడా ఒక వంతు కావాలి. మా బడిలో ఇద్దరు ఆరో తరగతి పిల్లలు ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లోంచి చెరో అరపేజీ చదువుతామంటున్నారు. నెల్లూరు జిల్లాలో ఆయన చిన్నతనం కతలు. చిన్నవి, నవ్వు వస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. ఒకమ్మాయి చదివి, టీచర్, ఆ అమ్మ మా అమ్మలాగే తిడుతోంది అంది. అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్నారు కాబట్టి మేం పెద్ద అక్షరాల్లో రాసిస్తాం. పిల్లల దగ్గర ఉండే వాలంటీర్లు, పిల్లలతో పనిచేసేవాళ్ళకి ఉండాల్సిన తమ చెక్ కార్డు గడువు ఒకసారి చూసుకోండి, కౌన్సిల్ వాళ్ళు అడుగుతారు.

కార్ పార్కింగ్ జట్టు

నేను కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) ‘యజ్ఞం’ ముగింపు చదవాలనుకుంటున్నాను. 1964లో రాసిన కథ ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది.

సాంస్కృతిక విభాగం

అన్నయ్యా, పండగ రోజు, హాలు నిండా పసిపిల్లలుంటారు. తండ్రి కన్నకొడుకుని నరికే ఘట్టం మైకులో చదవడం నాకు భయంగా ఉంది. కథ గొప్పదే, కాదనను.

సాహిత్య విభాగం

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. పండగ అనే కారణానికి నేను ఒప్పుకోను. ఉగాది పచ్చడిలో వేపపువ్వు మనమే వేస్తాం. కానీ ఆ ముగింపు ఒక్కటే తీసి చదివితే కథకి అన్యాయం జరుగుతుంది. ఆ కత్తి అంతసేపూ ఎక్కడుందో వినేవాళ్ళకి తెలియదు. ఊరు బాగుపడుతూ ఒక ఇల్లు అప్పులో కూరుకుపోవడం, పంచాయితీలో అందరూ మర్యాదగానే మాట్లాడటం, శ్రీరాములు నాయుడి మంచితనం, అప్పల్రాముడు బాకీకి ఒప్పుకోవడం, ఇవన్నీ వింటేనే అతని కొడుకు సీతారాముడు చేసింది అర్థమవుతుంది. అవి లేకుండా వింటే మిగిలేది నెత్తురు మాత్రమే. నాకైతే ఆ కథలో చివరికంటే పంచాయితీలో పెద్దమనుషులు నెమ్మదిగా మాట్లాడే చోటే ఎక్కువ భయమేసింది. అన్నయ్యగారు ఒప్పుకుంటే ఆ పంచాయితీ పేజీ చదవండి. మొత్తం కథ చదవడానికి ఒక శనివారం సాయంత్రం లైబ్రరీ గది తీసుకుందాం, పెద్దవాళ్ళం మాత్రమే కూర్చుందాం.

కార్ పార్కింగ్ జట్టు

సరేనమ్మా. పంచాయితీ పేజీయే. లైబ్రరీ గది నేను బుక్ చేస్తాను.

సాహిత్య విభాగం

ఇంకొకరు మా ఇంట్లోనే దొరికారు. మా అత్తయ్యగారు తెనాలి నుంచి 3 నెలలకి వచ్చారు. సామాను బరువెక్కువైతే పచ్చడి డబ్బా తీసేసి కొడవటిగంటి ‘చదువు’ పెట్టుకున్నారు. పొద్దున్నే కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని చదువుతూ, మధ్యలో ఆపి, ఈ వీధి నాకు తెలుసే అంటారు. సుందరం అక్షరాభ్యాసం, మొదటి ప్రపంచయుద్ధం నాటి ఇళ్ళు, బళ్ళో వేసిన చదువు ఒకటీ బతుకు నేర్పిన చదువు ఒకటీ. ఆవిడకి స్కూలు 5వ తరగతితో మాన్పించారు. ఆ సంగతి ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అనలేదు, ఈ పుస్తకం చేతిలో ఉన్నప్పుడు అన్నారు. మైకు ముందు చదవనన్నారు. ల్యాంపు ఉంటుందని చెప్పాను. చూద్దాం అన్నారు. ఆవిడ చూద్దాం అంటే సరే అన్నట్టే.

ఇంకో విన్నపం. పేజీలు జిరాక్స్ తీసి పంచొద్దు. బల్ల మీద అసలు పుస్తకాలే పెడదాం, నచ్చినవాళ్ళు పేరు రాసుకుని తెప్పించుకుంటారు.

టికెట్ల బల్ల

అక్కా, మీరడిగిన పెద్దాయన మా నాన్నగారు. మీరు రాసింది చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. ఆ సంచీలో ఉన్నది రావిశాస్త్రి ‘అల్పజీవి’. నాన్న విశాఖపట్నంలో గుమస్తాగా 31 ఏళ్ళు పనిచేశారు. పుస్తకంలో సుబ్బయ్యలాగే. పై అధికారి గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడే ఉద్యోగం అంటారు. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాక సుబ్బయ్య మనసులో జరిగే గోలంతా ఆయనకి నోటికొచ్చు. తను ఎవరి డబ్బూ ముట్టలేదు, అయినా అంత భయమూ తెలుసు అన్నారు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన చెయ్యి ఆ బస్సు టికెట్టు మీద ఉంది.

చదవడానికి ఒప్పుకున్నారు. నిన్న గడియారం పెట్టి ఇంట్లో చదివించాను. పేజీకీ మాటలకీ కలిపి 14 నిమిషాలు వచ్చింది. ఎక్కడ తగ్గించమంటారు?

సాహిత్య విభాగం

ఎక్కడా తగ్గించొద్దమ్మా. నాన్నగారికి 14 రాసుకున్నాను. ఇందిర పేజీలో పైన సగం తీసేసి నాది 6 చేసుకుంటాను. ఆయన కూర్చునే కుర్చీ ల్యాంపుకి ఎడమ పక్కన వెయ్యమని తమ్ముడికి చెప్పండి.