"కిల్లా"నా, "కెల్య"నా?

ఉలిపికట్టె:
ఇంకాల (దక్షిణ అమెరికాలో స్పెయిన్ వాళ్ళు రాకముందు ఏలినవాళ్ళు) నీతివాక్యం ఒకటి ఎప్పుడో చదివాను. "అమ సువ, అమ ల్యుల్య..." దొంగవు కాకు, అబద్ధాలకోరువు కాకు. మూడోది సోమరివి కాకు అని అర్థం గుర్తుంది, మాటే నోటికి రావడం లేదు. కిల్లానా, కెల్యనా? మావాడి స్కూలు ఛార్టు మీద రాయాలి.

గోదారిగట్టు:
కిల్లా అని రాస్తే మనవాళ్ళు కోట అనుకుంటారు. ఇంకాల భాష క్వెచువా మాట్లాడేవాళ్ళయితే చందమామ అనుకుంటారు :)

సగంపద్యం:
ఇంకాల రాజధాని కుస్కో, అక్కడి క్వెచువాలో క-లు రకరకాలు. ఒకటి మన క. ఇంకోటి కొండనాలుక దగ్గర పలికేది. దాని పక్కన ఇ వస్తే ఎ లాగా వినబడుతుంది. చందమామ కిల్య, సోమరి కెల్య. ఆ లోపలి క మనకు లేదు కాబట్టి అచ్చుతోనే తేడా చూపాలి.

ఓరుగల్లు వాసి:
బొలీవియా 2009 రాజ్యాంగం 8వ అధికరణంలో మూడూ ఉన్నాయి. అక్కడ సోమరే ముందు, పైగా ఒత్తు క. కాబట్టి ఖెల్య.

సగంపద్యం:
ఉచ్చారణకు రాజ్యాంగం ప్రమాణమా! కుస్కోలో ఒత్తరు. అయినా ఈ గోల కొత్తది కాదు. తల్లి ఇంకా రాజవంశం, తండ్రి స్పానిష్ కెప్టెన్ అయిన రచయిత గార్సిలాసో 1609లోనే తన పుస్తకంలో నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "వాకా" అంటే పవిత్రమైనది, గుడి. చివరి అక్షరం గొంతులోంచి అన్నామంటే ఏడవడం. స్పెయిన్ వాళ్ళకు రెండూ ఒకటే. మనం నవ్వనక్కర్లేదు, నన్నయ ర-కీ ఱ-కీ యతి కలపడు. మనకు ఏఱు కాస్తా ఏరైపోయింది.

గోదారిగట్టు:
నన్నయ వచ్చేశాడు. ఇక తెమలదు.

ఓరుగల్లు వాసి:
అసలు సోమరితనం మీద అంత పగ ఎందుకో చూడండి. వాళ్ళ పన్ను డబ్బు కాదు, ఒంటి కష్టం. రోడ్లకీ పొలాలకీ సైన్యానికీ ఇంటింటి నుంచీ మనిషి వెళ్ళాలి. దాని పేరు మిత. మన వెట్టే.

గోదారిగట్టు:
ఒప్పుకోను. మిత అంటే వంతు. వంతు అయిపోతే ఇంటికి పోతాడు. పనికొచ్చినవాడికి తిండీ, మొక్కజొన్న కల్లూ రాజ్యమే పెట్టేది. హువానుకో పంపా అనే ఒక్క ఇంకా ఊళ్ళోనే దాదాపు 500 నిల్వ కొట్లు. మన దొరలు ఎవరికి పెట్టారు?

ఓరుగల్లు వాసి:
పోనని అనే వీలుందా? లేనప్పుడు కల్లు పోస్తే ఏంటి, పోయకపోతే ఏంటి. 1570లలో స్పెయిన్ వాళ్ళు పొతోసి వెండి గనికి మనుషుల్ని తోలింది కూడా "మిత" పేరుతోనే.

గోదారిగట్టు:
పేరు అదే, కడుపు నింపడం పోయింది. నేను చెప్పేదీ అదే.

సగంపద్యం:
ఇంకో చిక్కు. ఈ వాక్యం ఇంకాలదేనా అని నాకు అనుమానం. వాళ్ళవి ఖిపూ అనే తాళ్ళ ముడులు, అక్షరాలు కావు. మన చేతికొచ్చిన ప్రతి మాటా స్పెయిన్ వాళ్ళు వచ్చాక రాతకెక్కిందే. పనివాళ్ళకు పాదిరీలు నూరిపోసిన సుద్దేమో! అందులో సోమరి మాట ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి.

ఓరుగల్లు వాసి:
అంటే ఇంకాలకు పనికిరాదా? పైన నేను రాసింది చదివారా?

ఉలిపికట్టె:
ప్రస్తుతానికి "కెల్య" అని పెన్సిల్‌తో రాశాను.

సగంపద్యం:
పెన్సిలే మంచిది. "ల్యుల్య" సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.