కంట్లో సిర మూసుకుపోయింది: ఇంజెక్షన్లు ఎన్నాళ్లు?

ప్రశ్న (గోదావరిగట్టు):
మా నాన్నగారికి 71 ఏళ్లు. బీపీ ఎప్పటినుంచో ఉన్నా, మాత్రలు తల తిరిగిన రోజున మాత్రమే వేసుకునేవారు. ఒక ఉదయం పేపరు చదువుతుండగా కుడికంటికి కింది సగం మసకబారి, అక్షరాలు వంకరగా కనిపించాయి. నొప్పి, ఎరుపు లేకపోవడంతో శుక్లమేనని ఊరుకున్నారు. తరువాత రెటీనా (కంటి వెనుక లోపలి పొర) డాక్టరుగారు చూసి, పై భాగంలోని కొమ్మ సిర మూసుకుపోయి రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో నీరు చేరిందని చెప్పి ఇంజెక్షన్ చేశారు. చూపు మెరుగైంది గాని, ఈ నెల రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో మళ్లీ వాపు కనిపించింది. మందు పనిచేయనట్టేనా?

జవాబు (కంటివైద్యుడు):
పనిచేసింది కాబట్టే మధ్యలో చూపు మెరుగైంది. రెటీనాలో ధమని, సిర ఒకదానినొకటి దాటే చోట రెండింటికీ పైపొర ఒకటే. బీపీతో గట్టిపడిన ధమని పలుచని సిరను అక్కడ నొక్కడంతో రక్తం నిలిచిపోయి, వెనుకనున్న సన్నని నాళాల నుంచి నెత్తురూ నీరూ ఊరుతాయి. ఆక్సిజన్ చాలని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతుంది, దానివల్ల ఆ ఊట ఇంకా పెరుగుతుంది. రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్, బెవాసిజుమాబ్ ఆ ప్రొటీన్‌ను అడ్డుకుంటాయే తప్ప సిరను తెరవవు. అందుకే మందు ప్రభావం తగ్గాక నీరు తిరిగి చేరడం మామూలే. మొదట్లో నెలకొకటి చొప్పున ఇచ్చి, స్కాన్‌ను బట్టి ఎడం పెంచుతారు. ఇన్నేనని ముందుగా లెక్క చెప్పలేము. బీపీ మాత్ర మాత్రం రోజూ పడవలసిందే, రెండో కన్నును కాపాడేది అదే.

జవాబు (సీతమ్మధార):
మా అత్తగారికి బెవాసిజుమాబ్ రాసినప్పుడు, అది పేగు క్యాన్సరు మందని మెడికల్ షాపులో విని ఇంటిల్లిపాదీ హడలిపోయాము. నిజానికి ఆ మందు మొదట వచ్చింది దానికే; కంటికి ఇచ్చేది 1.25 మిల్లీగ్రాములే, ఖర్చూ తక్కువ. అయితే ఒక సీసాను పలువురికి పంచి ఇస్తారు కనుక, శుభ్రత గురించి మొహమాటపడకుండా అడగండి. ఇంజెక్షన్ తరువాతి రోజుల్లో నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గినా అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు.

జవాబు (కంటివైద్యుడు):
సీతమ్మధార గారు చెప్పినది సరైనదే. మరొక్క మాట: నొప్పి లేకుండా ఒక కంటిచూపు ఒక్కసారిగా పూర్తిగా పోతే అది ధమని మూసుకుపోవడం కావచ్చు. దానిని పక్షవాతంతో సమానంగా చూడాలి, గంటల్లోనే పెద్దాసుపత్రికి చేరాలి. ఇంట్లో నాన్నగారిని ఒక్కో కన్ను మూసుకుని గోడ క్యాలెండరు గళ్లు చూడమనండి. గీతలు కొత్తగా వంగినట్టు కనిపిస్తే తదుపరి తేదీ వరకు వేచి ఉండకుండా తీసుకురండి.