టీవీలోనూ బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లోనూ ఒకేసారి సౌండ్ రావాలంటే? ఉబుంటు 24.04

ప్రశ్న:
రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి పెట్టి ఇంట్లో అందరం సినిమా చూస్తాం. నానమ్మకి సరిగ్గా వినపడదు, వాల్యూమ్ పెంచితే పక్కవాటా వాళ్ళకి ఇబ్బంది, అందుకని ఆవిడకి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నాను. కానీ సెట్టింగ్స్‌లో ఏదో ఒకటే ఎంచుకోనిస్తోంది. హెడ్‌ఫోన్ పెడితే టీవీలో సౌండ్ పోతుంది, ఆవిడేమో "నాకొద్దులే, మీరు చూడండి" అని లేచి వెళ్ళిపోతోంది. రెండింట్లోనూ రప్పించే దారి ఉందా? టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) అంటే నాకు కొంచెం టెన్షన్.

జవాబు:
ఉంది, టెర్మినల్ అక్కర్లేదు. ఉబుంటులో 22.10 నుంచి సౌండ్ చూసుకునేది పైప్‌వైర్, ఒకే శబ్దాన్ని ఎన్ని చోట్లకైనా పంపగలదు. శబ్దం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోందో బొమ్మలా చూపించే క్యూపీడబ్ల్యూగ్రాఫ్ (qpwgraph) అనే యాప్ ఇన్‌స్టాల్ చేసి, సినిమా నడుస్తుండగా తెరవండి. ప్లేయర్, టీవీ, హెడ్‌ఫోన్ వేరువేరు పెట్టెల్లా కనిపిస్తాయి. ప్లేయర్ నుంచి టీవీకి ఎడమకొకటి కుడికొకటి తీగలు ఉంటాయి, అలాగే హెడ్‌ఫోన్‌కి ఇంకో రెండు మౌస్‌తో లాగి కలపండి. ప్లేయర్ మూస్తే అవి పోతాయి కాబట్టి అందులోనే ప్యాచ్‌బే (తీగల అమరికని గుర్తుంచుకునేది) లో సేవ్ చేసి యాక్టివేట్ చేసి ఉంచండి. పావుకంట్రోల్ (pavucontrol) అనే వాల్యూమ్ సర్దుకునే యాప్ కూడా పెట్టుకుంటే నానమ్మగారికి ఒక్కరికే వాల్యూమ్ పెంచొచ్చు.

అడిగినవారు:
వచ్చిందండీ, చాలా థాంక్స్! కాకపోతే హెడ్‌ఫోన్‌లో మాట టీవీ కన్నా ఆలస్యంగా వస్తోంది, నానమ్మకి టీవీ కూడా కాస్త వినిపిస్తుంది కదా, ప్రతి డైలాగూ రెండుసార్లు అన్నట్టుందట.

ఇంకో జవాబు:
అది బ్లూటూత్ వల్లే. శబ్దాన్ని కుదించి పంపి అవతల మళ్ళీ విప్పేసరికి 100, 200 మిల్లీసెకన్లు ఇట్టే గడిచిపోతాయి, హెడ్‌ఫోన్‌ని తొందరపెట్టలేం, టీవీ సౌండ్‌నే కాస్త ఆలస్యం చేయాలి. పైప్‌వైర్‌లో కంబైన్ స్ట్రీమ్ అనే మాడ్యూల్ ఉంది, రెండింటినీ కలిపి ఒకే అవుట్‌పుట్‌గా చూపిస్తుంది. దాని కాన్ఫిగ్ ఫైల్‌లో (సెట్టింగ్స్ రాసే ఫైల్) ఆలస్యాన్ని సరిచేసే లేటెన్సీ కాంపెన్సేట్ అనేది మామూలుగా ఫాల్స్‌లో ఉంటుంది, ట్రూ చేస్తే వెనకబడ్డదాని కోసం రెండోదాన్ని ఆపి పంపుతుంది. ఫైల్ ఒక్కసారి రాస్తే చాలు, రీస్టార్ట్ చేసినా పోదు. ఇది పెట్టాక క్యూపీడబ్ల్యూగ్రాఫ్‌లో కలిపిన తీగలు తీసేయండి, లేకపోతే మాట మళ్ళీ రెండుసార్లు వస్తుంది. అప్పటికీ పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తుంటే కీబోర్డ్‌లో జే (J) నొక్కండి, నొక్కినప్పుడల్లా ఆడియో 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది.

మరో జవాబు:
ల్యాప్‌టాప్ టీవీ పక్కనే ఉండక్కర్లేకపోతే పొడుగు హెచ్‌డీఎంఐ కేబుల్ వేసి, ఆవిడ దగ్గర పెట్టి, వైరున్న హెడ్‌ఫోన్ ఇవ్వండి, ఈ ఆలస్యం గొడవ దాదాపు ఉండదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ జాక్ రెండూ ఒకే సౌండ్‌కార్డ్ మీద ఉండి ఒకటే కనిపిస్తుంది. అలాగైతే పావుకంట్రోల్ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ప్రొఫైల్‌ని ప్రో ఆడియోకి మార్చండి, రెండూ విడిగా వస్తాయి.