అప్‌డేట్: వేరుశెనగ పడని మా అబ్బాయి, బడి భోజనం

తిరుపతిలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చదివే మా అబ్బాయికి వేరుశెనగ పడదని, బడిలో ఇచ్చే చిక్కీ విషయంలో ఏం చేయాలని మిమ్మల్ని అడిగాను. మీలో చాలామంది చెప్పినట్టే పిల్లల డాక్టరు చేత చీటీ రాయించి ప్రధానోపాధ్యాయురాలికి ఇచ్చాను. ఆమె దానిని వంటగది గోడకు అంటించారు.

వంట చేసే అక్కతో మాట్లాడినప్పుడే అసలు సంగతి తెలిసింది. చిక్కీ కంటికి కనబడుతుంది కానీ, పులిహోర పోపులోనూ వేరుశెనగలు పడతాయి. గింజలు ఏరి పెడితే చాలదని డాక్టరు గట్టిగా చెప్పడంతో, ఆమె పోపు కలపకముందే వాడి వాటా అన్నాన్ని వేరే గరిటెతో మూత ఉన్న స్టీలు గిన్నెలోకి తీసి పెడుతున్నారు. ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను. గుడ్డు, రాగిజావ మామూలుగానే తీసుకుంటున్నాడు.

బడి భోజనం మాన్పించమన్నవారికి ఒక మాట: 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడి పిల్లలకు ఇది హక్కు, ప్రాథమిక తరగతుల వారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. దానిని వదులుకోవడం నాకు సమ్మతం కాదు. తోటి పిల్లలు చిక్కీ పంచుకుంటారనే భయం మాత్రం ఇంకా ఉంది. టీచరుగారు తరగతిలో అందరికీ చెప్పారు. ఇదే ఇబ్బంది ఉన్న తల్లిదండ్రులు పోపు, చట్నీల గురించి కూడా వంటవారిని తప్పక అడగండి.