థెరెమిన్‌ను వాయిస్తామా, పలికిస్తామా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక క్రియ కోసం మూడు రోజులుగా వెతుకుతున్నాను. మీ సాయం కావాలి.

మొన్న రాత్రి కంప్యూటర్‌లో థెరెమిన్ అనే విద్యుత్ వాద్యంతో ఆడుకుంటూ కూర్చున్నాను. తెర మీద ఉన్న బొమ్మ వాద్యమే. నేను తెరిచినదానిలో మౌస్‌ను పక్కకు జరిపితే శ్రుతి మారుతుంది, పైకి జరిపితే ధ్వని హెచ్చుతుంది. అర్ధరాత్రి, ఇల్లంతా నిద్రపోతున్న వేళ, ఆ సన్నని ఏడుపులాంటి నాదం వింటే ఒళ్లు గగుర్పొడిచింది. భయం వల్లా ఆనందం వల్లా కూడా కలిగేది గగుర్పాటు. ఈ వాద్యానికి అంతకంటే తగిన మాట లేదు. ఆ ఉత్సాహంలో మిత్రుడికి “నేనిప్పుడు థెరెమిన్” అని రాయడం మొదలుపెట్టి, క్రియ దగ్గర ఆగిపోయాను.

తంబూరా మీటుతాం. సన్నాయి ఊదుతాం. శంఖం పూరిస్తాం, డప్పు కొడతాం, తాళం వేస్తాం. మన పెద్దలు వాద్యాలను తత (తీగలవి), సుషిర (ఊదేవి), అవనద్ధ (తోలు బిగించినవి), ఘన (తాళాల వంటివి) అని నాలుగు తెగలు చేశారు గానీ, ఆ శాస్త్రం చదవనివారికి కూడా ఈ క్రియలే తేడా చెప్పేస్తాయి. ప్రతి మాటలోనూ ఒక వేలో, అరచెయ్యో, ఊపిరో ఉంది. అన్నిటికీ కలిపి వాడుకునే ‘వాయించు’లో కూడా నాకు దెబ్బే వినిపిస్తుంది. ఎవరినైనా గట్టిగా చీవాట్లు పెడితే “బాగా వాయించాడు” అంటాం కదా.

థెరెమిన్‌ను ఎవరూ తాకరు. అదే దాని ప్రత్యేకత. రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో, పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్), వాయువుల విద్యుత్ గుణాలను కొలిచే పరికరం మీద పనిచేస్తూ దీన్ని కనిపెట్టాడు. ఒక పెట్టె, దానికి కుడివైపు నిలువుగా ఒక కడ్డీ, ఎడమవైపు వంకీలా వంచిన మరో కడ్డీ. లోపల రెండు విద్యుత్ కంపనాలు ఉంటాయి, రెండూ మన చెవికి అందనంత వేగమైనవి. నిలువు కడ్డీకి చెయ్యి దగ్గరయ్యేకొద్దీ వాటిలో ఒకటి మారుతుంది. ఉదాహరణకు ఒకటి సెకనుకు 1,70,000, రెండోది 1,70,440 అయితే, తేడాగా మిగిలిన 440 కంపనాలే మనకు స్వరంగా వినిపిస్తాయి. రెండు తంబూరాలను శ్రుతి కలుపుతున్నప్పుడు, ఇంకాస్త తేడా ఉండగా అలల్లా వినిపించే ఊగు తెలిసినవారికి ఈ సూత్రం కొత్త కాదు.

నా ప్రతిపాదన ‘పలికించు’. మీటు, ఊదు, కొట్టు అన్నప్పుడు పని మనది. పలికించు అన్నప్పుడు పలికేది అది, ప్రేరణ మాత్రమే మనది. “పలికించెడివాఁడు రామభద్రుండఁట” అన్న పోతన పాదాన్ని తలచుకోండి. పలికించేవాడు తాకడు, కనిపించడు. వినిపించే గొంతు కవిది. ఈ వాద్యానికి రష్యన్లు పెట్టుకున్న పేరు తెర్మెన్‌వోక్స్. వోక్స్ అంటే లాటిన్‌లో గొంతు. పేరులోనే గొంతు ఉన్నదాన్ని పలికించక ఏం చేస్తాం?

ఒక సభ్యుడు: మాటలు లేని శబ్దానికి పలుకు ఎక్కడిదండీ? మోగించు అంటే సరిపోతుంది కదా. నగారా మోగిస్తాం, గంట మోగిస్తాం. అందులోనూ ప్రేరణ ఉంది.

నేను: మంచి మాట అడిగారు. అయితే మోగేదానికి స్వరభేదం అక్కర్లేదు. గంట ఒకే రీతిన మోగుతుంది, ఫోను కూడా మోగుతుంది. పాట నేర్పే గురువులు మాత్రం “పై షడ్జమం (స) సరిగా పలకలేదు, మళ్లీ అను” అంటారు. అక్కడ మాట లేదు, పలుకు ఉంది. క్లారా రాక్‌మోర్ అనే విద్వాంసురాలు వయొలిన్ వదిలి ఈ వాద్యానికి వచ్చారు. ఆమె దీని మీద వినిపించినవాటిలో రష్యా స్వరకర్త రఖ్మనీనొవ్ కూర్చిన, అసలు మాటలే లేని పాట ఒకటి ఉంది. అది వింటే ‘మోగించింది’ అనడానికి నాకు నోరు రాదు. 2016 మార్చి 9న, ఆమె 105వ జయంతికి, గూగుల్ తన మొదటి పేజీలోనే థెరెమిన్ పాఠం పెట్టింది. నాకు ఈ పిచ్చి పట్టింది ఆ రోజే.

వీణ నేర్చుకుంటున్న సభ్యురాలు: మీ చర్చ చదివి నేనూ ఫోనులో ప్రయత్నించానండీ. సంగీతంలో మొదటి పాఠమైన సరళీ వరుస మొదలుపెడితే స నుంచి రి వరకూ ఒకటే జారు! వీణ మీద జారు గమకం కావాలంటే సాధన చేయాలి. ఇక్కడ జారు లేకుండా ఉండాలంటే సాధన చేయాలి. మెట్లు లేవు కదా, వేలు ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి.

నేను: చాలా బాగా చెప్పారమ్మా. ‘జారు’ ఎంత చక్కని తెలుగు మాటో చూడండి. సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే సంగీత గ్రంథంలో దీనికి ఎక్కడానికొకటి, దిగడానికొకటి గుర్తులు కూడా ఉన్నాయి. థెరెమిన్ ధ్వనిలో మనల్ని కలవరపెట్టేది కూడా ఈ జారుడే అనుకుంటాను. మనిషి గొంతులా జారుతుంది, కానీ మధ్యలో ఊపిరి తీసుకోదు.

రేడియోలు బాగుచేసే సభ్యుడు: ఒక అభ్యంతరం. నేను ఒకసారి ఈ వాద్యాన్ని కట్టాను. అసలైన దాన్ని మీరు పలికించనక్కర్లేదు. కరెంటు ఇచ్చి శ్రుతి సరిచేసి వదిలేస్తే అది కూస్తూనే ఉంటుంది. పక్కన ఎవరైనా నడిచినా స్వరం మారిపోతుంది. ఎడమ చెయ్యి వంకీ దగ్గరకు తెస్తేనే నోరు మూస్తుంది. వీణ మీటేదాకా మౌనంగా ఉంటుంది. ఇది ఆపేదాకా మౌనంగా ఉండదు. మీ తెర మీద బొమ్మలో వేలు తీస్తే ఆగిపోతుంది కాబట్టి ఈ సంగతి మీకు తట్టలేదు.

నేను: నిజంగా తట్టలేదండీ. రెండు రోజులు ఆలోచించాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఈ వాద్యానికి ఒక క్రియ చాలదు. కుడి చెయ్యి చేసేది పలికించడమే, దాన్ని వదులుకోను. ఎడమ చేతి పనికి మాత్రం ‘ఊరుకోబెట్టు’ అనాలనిపిస్తోంది. ఏడుస్తున్న పసిబిడ్డ దగ్గరకు మెల్లగా చెయ్యి తెచ్చి ఊరుకోబెట్టినట్లు. ‘ఆపు’ అంటే మీట నొక్కినట్లుంటుంది. ఇక్కడ ధ్వని కొంచెం కొంచెంగా అణగుతుంది.

వీణ నేర్చుకుంటున్న సభ్యురాలు: అయితే నా సరళీ వరుసకు మందు దొరికింది. స దగ్గర పలికించి, చెయ్యి జరిపేటప్పుడు ఊరుకోబెట్టి, రి దగ్గర మళ్లీ పలికించాలి. ఫోనులో అయితే ఆ మధ్యలో వేలు ఎత్తాలి. ఇప్పుడే చేసి చూశాను. గ వరకూ వచ్చింది, మ దగ్గర ఇంకా జారుతోంది.

నేను: మిత్రుడికి ఇప్పుడే సందేశం పంపాను: “నేనిప్పుడు థెరెమిన్ పలికించడం నేర్చుకుంటున్నాను. ఊరుకోబెట్టడం ఇంకా రాలేదు.”