గోట్ లైఫ్ రివ్యూలు చదివాక ఒక సందేహం

బ్లెస్సీ తీసిన మలయాళ సినిమా ‘ది గోట్ లైఫ్’ (2024) ఈమధ్యే చూశాను. గల్ఫ్ ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకుపోయిన నజీబ్ (పృథ్వీరాజ్) పశువుల తొట్టిలో మూతి పెట్టి నీళ్లు తాగే సీన్ ఇంకా వెంటాడుతోంది. తర్వాత రివ్యూలు తిరగేశా. పృథ్వీరాజ్ నటన గురించి పేచీ లేదు. నిడివి మీదే గొడవంతా. సాగదీశారని కొందరు విసుక్కున్నారు. నాకైతే ఆ సాగతీతే సబబనిపించింది, ఎడారిలో చిక్కుకున్నవాడికి పొద్దు త్వరగా గడుస్తుందా?

నా అసలు డౌట్ వేరు. గల్ఫ్‌లో వలస కూలీని యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిని వదిలేసి, సినిమా ఒక్క దుర్మార్గుడి కథగా మిగిలిందా? సినిమాకు మూలమైన బెన్యామిన్ నవల చదివినవాళ్లు చెప్పండి, అందులో ఈ సంగతి ఎంత లోతుగా ఉంది? ఈ కోణంలో వచ్చిన మంచి విమర్శ ఏదైనా ఉంటే సూచించండి, ప్లీజ్. స్టార్ రేటింగులు మాత్రం వద్దు.