శివారా, ఉపనగరమా?

ఒక వ్యాసంలో 'ముంబై సబర్బన్ డిస్ట్రిక్ట్' అన్న మాటను 'ముంబై శివారు జిల్లా' అని తెలుగు చేశాను. సరిచూసినాయన 'ఉపనగర జిల్లా' అని దిద్దారు. తప్పనలేను, మరాఠీలో దాని పేరే 'ముంబయి ఉపనగర జిల్హా'. అయినా నా మనసు శివారు మీదే ఉంది. మీరేమంటారు?

జవాబు: ఉపనగరమే నయమండీ. శివారు అనగానే ఊరి బయట తుమ్మచెట్లు, 'శివారులో గుర్తుతెలియని మృతదేహం' అన్న పేపరు వార్త గుర్తొస్తాయి. 2011 లెక్కల్లో ఆ జిల్లా జనం 93 లక్షల పైమాట. అసలు ముంబై నగర జిల్లాలో 31 లక్షలు కూడా లేరు. మూడింతలున్న వాళ్లను పట్టుకుని శివారు అంటారా?

నా మాట: లెక్క నిజమే. కానీ శివారంటే జనం లేని చోటనే కాదు కదా. పెద్ద ఊరి కింద లెక్కలో ఉండే పల్లె శివారు గ్రామం. కాలవ చిట్టచివర పొలాలు శివారు భూములు. పైవాళ్ల మళ్లు తడిశాక మిగిలితేనే వాళ్లకు నీళ్లు.

మరాఠీలోనూ ఊరి పొలాలు శివార్, పొలిమేర శీవ్. ఈ శీవ్‌కు మూలం 'సీమ'. ముంబైలో సయన్ స్టేషనుకు మరాఠీ పేరు శీవ్ అనే. అక్కడితో ఇంగ్లీషువాళ్ల బొంబాయి అయిపోయేది. అవతల పోర్చుగీసుల సాష్టి దీవి. గుట్ట మీద అప్పటి కాపలా కోట ఇంకా ఉంది. చిత్రమేమంటే, 1990లో జిల్లాను రెండుగా చీల్చినప్పుడు కూడా గీత ఇంచుమించు అక్కడే పడింది.

ఇంకోటి. సాష్టి అంటే షట్షష్టి, అరవై ఆరు ఊళ్లు. నగరం పెరిగి పుట్టిన పేటలు కావవి, నగరమే వాటి మీదికి వచ్చింది. బాంద్రాలో అపార్ట్‌మెంట్ల మధ్య పాత గావ్‌ఠాణ్‌లు (అప్పటి పల్లెల ఇళ్ల వాడలు) చూడండి: ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు, పెంకుటిల్లు, మలుపులో రాతి శిలువ. 'ఉపనగరం'లో నగరం తప్ప ఇదేదీ వినపడదు. శివారులో కనీసం ఒక ఊరు, దాని పొలం ఉన్నాయి.

జవాబు: సరే, పొలం మాట ఒప్పుకుంటా. కానీ జిల్లా పేరు మార్చే హక్కు మనకు లేదు.

నా మాట: అదీ నిజమే. పేరు దగ్గర ఉపనగరం ఉంచేసి, లోపల పేరాల్లో శివారు అనే రాశాను. దిద్దినాయన ఇంకా చూడలేదు.